కుంటిపెయ్య హెప్జీ

నేనుంటున్న ఇల్లు ఒకప్పుడు పబ్బు. ఇప్పటికీ శనివారం సాయంత్రం ఎవడో ఒక ముసలాడు అలవాటు కొద్దీ తలుపు తోసుకుని లోపలికొచ్చి, నా సోఫా ముందు నిలబడి "ఒక గ్లాసు" అంటాడు. నేను టీ ఇస్తాను. మొహం అదోలా పెట్టుకుని తాగి, టోపీ సర్దుకుని వెళ్ళిపోతాడు. ఈ మధ్యే సర్కారు ఊళ్ళో పబ్బులన్నీ అమ్మకానికి పెట్టింది. గది చిన్నది, కారు నిలిపే చోటు లేదు అని బీరు కంపెనీలు దీని మొహం చూడలేదు. నేను కొనుక్కున్నాను.

యుద్ధం కోసమని ఈ పబ్బుల్ని తీసుకున్నది సర్కారు. ఆ యుద్ధం అయింది, దాని తర్వాత ఇంకో పెద్ద యుద్ధం అయింది, అది కూడా అయి పాతికేళ్ళు దాటింది, అప్పటికి గానీ వదల్లేదు. ఇప్పుడు చరిత్ర రాస్తామని కళ్ళద్దాల కుర్రాళ్ళు నా దగ్గరికొస్తున్నారు. ఏ సంవత్సరంలో ఎన్ని పీపాలు, ఏ గోడ ఎప్పుడు పడగొట్టారు, ఇవే ప్రశ్నలు. ఇంగ్లండు ఉత్తరాన ఉన్న మా కార్లైల్ ఊరు మొత్తానికి సర్కారే బీరు పోసిన ముచ్చట వాళ్ళకి కావాలి గానీ, పోసిన మనిషి గురించి ఒక్కడూ అడగడు. అడక్కపోయినా నేను చెబుతాను. నాకు ఎనభై దాటాయి, ఇంకెవరు చెబుతారు?

ఆవిడ పూర్తి పేరు హెప్జీబా మస్‌గ్రేవ్. అంత పేరు పలికే ఓపిక కాల్డ్యూగేట్ పేటలో ఎవరికీ లేదు కాబట్టి హెప్జీ. ఈ ఇంటి మేడగదిలోనే పుట్టింది. ఆవిడ తాత ఎప్పుడో పశువుల సంతలో మంచి పెయ్య అనుకుని కుంటిపెయ్యని కొని మోసపోయాడట. ఎంత దాచినా ఊరందరికీ తెలిసిపోయేసరికి, ఇంక దాచేదేముందని పబ్బు బోర్డు మీద ఆ పెయ్య బొమ్మే వేయించాడు. జనం పగలబడి నవ్వుతూ వచ్చి తాగారు, నవ్వడం అయ్యాక కూడా రావడం మానలేదు. అలా కుంటిపెయ్య పబ్బు నిలబడింది.

హెప్జీ మనిషి పొట్టి. చేతులు చిన్నవి, నోరు పెద్దది. ఇరవయ్యో ఏట రైల్వేలో పనిచేసే మస్‌గ్రేవ్‌ని చేసుకుంది. పెళ్ళయ్యాక ఇద్దరూ సముద్రం ఒడ్డుకి వెళ్ళి రెండు రాత్రులున్నారు. ఆ రెండు రాత్రులూ పరాయి మంచం మీద నిద్ర పట్టలేదని మొగుణ్ణి తిట్టిపోసి, మూడో రోజు పొద్దున్నే రైలెక్కించి తీసుకొచ్చేసిందట. ఆ రెండు రాత్రులు తప్ప జన్మంతా ఈ ఇంట్లోనే పడుకుంది. పిల్లలు లేరు. మొగుడు పోయాడు, తండ్రి పోయాడు. ఒక్కతే పబ్బు నడిపింది. పందొమ్మిదివందల నలభై నాలుగులో పోయేవరకూ ఆవిడ లేచిందీ పడుకున్నదీ ఆ మేడగదిలోనే. ఆ గది చేజారిపోబోయిన సంగతి ఒకటుంది, అదే చెప్పబోయేది.

అది పందొమ్మిదివందల పదహారు, జులై. నన్ను ఎఫీ అనేవాళ్ళు, అప్పటికి కుంటిపెయ్య వంటింట్లో మూడేళ్ళుగా వంట చేస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళదాన్ని, నోరు హెప్జీ దగ్గరే నేర్చుకున్నాను. ఊరికి పది మైళ్ళ అవతల తుపాకీ మందు ఫ్యాక్టరీ కడుతున్నారు. కట్టడానికొచ్చిన కూలీలు వేలకి వేలు. చేతినిండా జీతం, కడుపునిండా దాహం. శనివారం సాయంత్రం రైలు దిగగానే స్టేషన్ నుంచి పబ్బుల మీదకి వరదలా వచ్చి పడేవాళ్ళు. మర్నాడు పొద్దున చూస్తే వీధి పొడుగునా మనుషులు ఆరేసిన బట్టల్లా గోడల మీద వేలాడేవాళ్ళు. తాగినవాడు తుపాకీ మందు కలిపితే మనమే పేలిపోతామని లండన్లో ఎవరికో భయం పట్టుకుంది. అంతే, ఊళ్ళో పబ్బులన్నీ సర్కారు తీసేసుకుంది.

మా గుమ్మంలోకి వచ్చిన సర్కారు పేరు కాల్డికాట్. దక్షిణాది మనిషి, గెడకర్రలాంటి ఒళ్ళు, చంకలో నల్ల పుస్తకం. ఆయన వచ్చిన వారంలో మా బోర్డు మీద పెయ్య మాయమైంది. బీరు ప్రకటనలు పీకేశారు. లోపల చిన్న చిన్న అరలుగా ఉన్న చెక్క అడ్డుగోడలు తీసేశారు, ఎవడెంత తాగుతున్నాడో కౌంటర్ దగ్గర్నుంచే కనబడాలట. నిలబడి తాగకూడదని ముప్ఫై కుర్చీలు తెచ్చి పడేశారు. మా వాళ్ళు కుర్చీల్లో కూర్చునేది చాపెల్‌లో ప్రార్థనప్పుడూ చావింట్లోనూ మాత్రమే. పాటలు కూడదు, పేకాట కూడదు. గోడలకి ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ సర్కారు నోటీసులు. ఆ ఏడే గడియారాలు కూడా గంట ముందుకి జరిపించారు, పొద్దు కూడా వాళ్ళ చెప్పుచేతల్లోనే ఉండాలన్నట్టు.

వీటన్నిటికీ మించినది ఇంకోటి. ఒకడికి ఇంకొకడు బీరు కొనివ్వకూడదు.

ఇది కొత్తవాళ్ళకి చిన్న సంగతిలా కనబడుతుంది. మా ఊళ్ళో మగాడు తన గ్లాసు తను కొనుక్కుని తాగడు. నలుగురు కలిస్తే ఒకడు నలుగురికీ కొంటాడు, అది అయ్యాక ఇంకొకడు నలుగురికీ కొంటాడు. తనకొక్కడికే కొనుక్కునేవాణ్ణి పిసినారి అనరు, అంతకంటే హీనంగా చూస్తారు. అలాంటిది పక్కవాడికి గ్లాసు కొనిచ్చినందుకు మా వీధిలోనే ఒకాయన జరిమానా కట్టాడు. ఆ పక్కవాడు ఎవరనుకున్నారు? ఆయన కట్టుకున్న పెళ్ళాం.

కాల్డికాట్ మొదటి రోజే హెప్జీని కూర్చోబెట్టి సంగతి చెప్పాడు.

"మిసెస్ మస్‌గ్రేవ్, ఈ ఊళ్ళో పబ్బులు మరీ ఎక్కువున్నాయి. సగం మూసేస్తాం. ఉంచేవాటికి సర్కారు జీతం మీద మేనేజర్లని పెడతాం."

"నాది ఏ సగంలో ఉందండీ?"

"అది చూశాక చెబుతాను. వచ్చే నెల గురువారం, శుక్రవారం, శనివారం, మూడు సాయంత్రాలు ఇక్కడే కూర్చుంటాను. ఈ ఇల్లు అవసరమా, కాదా అన్నది తేల్చాలి."

"కాదని తేలితే?"

"ఇల్లు సర్కారుది కదండీ. నెలలోపు ఖాళీ చెయ్యాలి. మీకెవరైనా ఉన్నారా?"

"విగ్టన్‌లో పిన్ని కూతురుంది. మేకల్ని పెంచుతుంది, రోజుకి ఐదుసార్లు ప్రార్థన చేస్తుంది. మేకలతో సర్దుకోగలను."

ఆయన నవ్వలేదు. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. హెప్జీ కూడా నవ్వలేదు. తర్వాత మాత్రం ఎవరడిగినా "పోతే పోతుంది, పీపాలు మొయ్యక్కర్లేదు, నడుము విరుచుకుని పడుకుంటాను" అనేది. నేను నమ్మాను. ఆవిడ గుండె గట్టిదని ఊరందరిలాగే నేనూ అనుకున్నాను.

ఈ మాట ఐజాక్ బీటీ చెవిన పడింది. రైల్వే సరుకుల గుర్రబ్బండి తోలేవాడు ఐజాక్. ఇరవై ఏళ్ళుగా రోజూ సాయంత్రం మా కౌంటర్‌కి ఎడం చివర నిలబడేవాడు, అక్కడ చెక్క ఆయన మోచేతుల కింద గుంటపడిపోయింది. గొంతు ఎలాంటిదంటే, వీధి చివర గుర్రాన్ని అదిలిస్తే మా వంటింట్లో పళ్ళాలు కదిలేవి.

"అవసరమా అని అడిగాడా? మనకి అవసరమా అని?" అన్నాడు ఐజాక్. "సరే, చూపిద్దాం! ఏరా, ఎంత అవసరమో చూపించలేమా?"

ఎక్కడైనా వ్యాపారం అంటే అదేగా మరి! ఎక్కువ అమ్మే కొట్టు ఉంటుంది, అమ్మని కొట్టు మూతపడుతుంది. ఈ ఇల్లు బీరు కంపెనీ చేతిలో ఉన్నన్నాళ్ళూ మేం చూసింది అదే. ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. నాకూ రాలేదు, హెప్జీకీ రాలేదు. అందుకని కాల్డ్యూగేట్ మొత్తం ఒక్క తాటి మీదకి వచ్చి, కుంటిపెయ్యని కాపాడ్డం కోసం తాగడానికి సిద్ధపడింది.

గురువారం ఆరింటికి తలుపు తీసేసరికి బయట డెబ్భైమంది. కాల్డికాట్ కిటికీ పక్కన చిన్న బల్ల దగ్గర కూర్చుని పుస్తకం తెరిచాడు. నన్ను పిలిచి, తినడానికేముందని అడిగాడు. టేటీ పాట్ ఉందన్నాను. మా వైపు వంట అది, గొర్రెమాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు మట్టికుండలో దొంతరలుగా పేర్చి మధ్యాహ్నం నుంచీ పొయ్యిలో ఉంచుతాం.

"కొంచెం చాలమ్మాయ్. పళ్ళెం వద్దు, సాసర్లో పెట్టు. నాకు రాత్రి భోజనం అంతే."

పిచ్చుకకి వేసినట్టు సాసర్లో రెండు చెంచాలు పెట్టాను. అవి తిని మూతి తుడుచుకుని, చుట్టూ చూడ్డం మొదలుపెట్టాడు.

చూడ్డానికి కావలసినంత ఉంది. ఎవడి గ్లాసు వాడే కొనుక్కోవాలి కాబట్టి కౌంటర్ దగ్గర తోపులాట. సర్కారు వచ్చాక బీరు పల్చబడింది. అది తాగితే మత్తెక్కదు, ఈత వస్తుంది అనేవాడు ఐజాక్. అంచేత మనిషికి మూడు తాగేచోట ఏడు తాగాల్సొచ్చింది. పాపం, కష్టపడ్డారు. తొమ్మిదో గ్లాసు దగ్గర ఒకడు కళ్ళు తేలేస్తే, "ఇంకొక్కటి, హెప్జీ కోసం" అని వీపు తట్టారు. జన్మలో తాగనని చాపెల్‌లో సంతకం పెట్టిన మా చిన్నాన్న కూడా వచ్చి, లెక్కకి తగ్గకూడదని నాలుగు నిమ్మసోడాలు తాగి, ఇంటికెళ్ళేదాకా తేన్పులతో సరిపెట్టుకున్నాడు. శుక్రవారం అంతకంటే ఎక్కువమంది. మూడు పీపాలు ఖాళీ. హెప్జీ మొహం వెలిగిపోతోంది.

కాల్డికాట్ మొహం మాత్రం గంటగంటకీ మాడిపోతోంది. శుక్రవారం మూసేవేళకి సాసరు తియ్యడానికెళ్ళాను. ఆయన పుస్తకం మూసి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంత తాగుడు నేను ఈ ఊళ్ళో ఇంకెక్కడా చూడలేదమ్మాయ్."

"అవునండీ!" అన్నాను గర్వంగా. "మంచిదేగా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "సర్కారు పబ్బులు తీసుకున్నది బీరు అమ్ముకోవడానికి కాదు. తగ్గించడానికి. తక్కువ తాగి, కూర్చుని, నాలుగు మెతుకులు తినే చోటు మాకు కావాలి. అలాంటివే ఉంచుతాం."

ఆ సాసరు పట్టుకుని వంటింట్లోకి ఎలా వెళ్ళానో నాకే తెలీదు.

హెప్జీకి చెప్పాను. ఆవిడ గ్లాసు తుడుస్తోంది, తుడుస్తూనే ఉంది, ఆ గ్లాసు అరిగిపోతుందేమో అనిపించింది. చివరికి ఒక్కటే మాట అంది. "నన్ను కాపాడ్డానికొచ్చి నిలువునా ముంచారు కదే, సన్నాసులు." ఆ మాటలో కోపం లేదు. అదే నాకు భయమేసింది.

శనివారం పొద్దున్నే ఐజాక్ బండికి అడ్డం నిలబడి సంగతంతా చెప్పాను. ఆయన పగ్గాలు కింద పెట్టాడు.

"అయితే ఇప్పుడు తాగకూడదా?"

"కూడదు. తినాలి."

"రెండు రోజులు తాగిన పొట్ట, ఎఫీ, తిండెక్కడ పడుతుంది?"

"నాకు తెలీదు. నలభైమందికి వండుతాను. రాకపోతే నీ మోచేతులు విగ్టన్‌లో మేకల మీద ఆనించుకోవాలి."

వచ్చారు. గంజి పెట్టిన కాలర్లతో, తలకి నూనె రాసుకుని, ఒక్కొక్కడూ పెళ్ళిచూపులకి వచ్చినట్టు వచ్చి కూర్చున్నారు. అందరి ముందూ టీ. బీరు గ్లాసుల్లోనే పోశాను, ఇంట్లో కప్పులు పద్నాలుగే ఉన్నాయి మరి. మాట్లాడ్డానికి ఏమీ లేదు. గ్లాసు బీరు కడుపులో పడితే తప్ప మా ఊరి మగాడికి పక్కవాడితో చెప్పేదేముంటుంది?

"వాన రాలేదు" అన్నాడు ఒకడు.

"రాలేదు" అన్నాడు ఇంకొకడు.

పది నిమిషాల తర్వాత మూడోవాడు "వస్తే బావుణ్ణు" అన్నాడు.

కాల్డికాట్ తన సాసరు ముందు కూర్చుని వీళ్ళని వింతగా చూస్తున్నాడు. ఆయన వెర్రివాడేం కాదు. నిన్న ఇదే మొహాలు బల్లల కింద చూశాడు. పెన్సిలు తీశాడు గానీ ఏం రాయాలో తోచనట్టు పట్టుకుని కూర్చున్నాడు. హెప్జీ కౌంటర్ వెనక రాయిలా నిలబడింది.

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని ఐజాక్ కొడుకు లోపలికొచ్చాడు.

వాడి పేరు లాంటీ. ఫ్రాన్సులో ఉన్నాడని అందరికీ తెలుసు, భుజానికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడుకున్నాడనీ తెలుసు. వస్తున్నట్టు ఉత్తరం రాశాడట, వాడే ఉత్తరం కంటే ముందొచ్చాడు. రైలు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు, ఈ వేళప్పుడు తండ్రి ఇంట్లో ఉండడని వాడికి తెలుసు. యూనిఫారం ఒంటి మీద గోనెసంచిలా వేలాడుతోంది.

గది మొత్తం చూసి, "ఏంటి, ఎవరు పోయారు?" అన్నాడు.

ఐజాక్ లేచాడు. వాళ్ళ నాన్నా వాడూ కావలించుకునే రకాలు కాదు. కొడుకు దెబ్బ తగలని భుజం మీద చెయ్యేసి ఒకసారి నొక్కాడు, అంతే. ఆ తర్వాత కౌంటర్ దగ్గరికెళ్ళి డబ్బులు పెట్టాడు. ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది.

"రెండు హెప్జీ. ఒకటి వాడికి."

ఆ మాట అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలీలేదు. కాల్డికాట్ పెన్సిలు ఆగిపోయింది. తండ్రి కొడుక్కి గ్లాసు కొనిస్తే నేరం, పోసినవాళ్ళదీ నేరమే. ఇల్లు పోవడానికి ఇంకేం అక్కర్లేదు.

హెప్జీ ఆ డబ్బులకేసి చూసింది. తర్వాత వేలితో వాటిని ఐజాక్ వైపు తోసేసింది.

"వాడి గ్లాసు వాణ్ణే కొనుక్కోమను."

ఆవిడ గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. ఐజాక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. డబ్బులు తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన పెద్ద గొంతుతో తిట్టి ఉంటే బావుండేది. నాకు హెప్జీ మీద ఒళ్ళు మండిపోయింది, నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ ఇల్లు పోతే పోనీ అనుకున్నాను. చావు అంచుల్దాకా వెళ్ళొచ్చిన కుర్రాడికి కన్నతండ్రి గ్లాసు బీరు పోయించలేని చోటు ఉంటే ఎంత, మూస్తే ఎంత?

"ఫర్లేదు నాన్నా, నేను కొనుక్కుంటాలే" అన్నాడు లాంటీ మెల్లిగా.

ఆ "ఫర్లేదు"తో హెప్జీలో ఏదో తెగింది. కౌంటర్ తలుపు దభాలున తోసుకుని బయటికొచ్చింది. గోడ మీదున్న సర్కారు నోటీసుల్లో ఒకదాన్ని మేకుతో సహా ఊడపీకి, కాల్డికాట్ బల్ల దగ్గరికెళ్ళి ఆయన సాసరు పక్కన పరిచింది.

"చదవండి."

"అది నాకు తెలుసు మిసెస్ మస్‌గ్రేవ్..."

"మీకు పైన పెద్ద అక్షరాలు తెలుసు. ఐదు వారాల్నించి ఈ కాయితాలు నా కళ్ళెదురుగా ఉన్నాయి. నేను రోజంతా చదవడానికి ఇంకేం లేదు. కింద చీమల బారులా ఉందే, అది చదవండి. గట్టిగా."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. భోజనంతో పాటు ఇచ్చే పానీయానికి, ఆ భోజనానికి డబ్బిచ్చేవారే డబ్బివ్వవచ్చును, అది నేరం కాదు, అని ఉంది అందులో.

"ఎఫీ!" అని అరిచింది హెప్జీ నా వైపు తిరక్కుండానే. "లాంటీకి భోజనం పెట్టు! ఐజాక్, ఆ డబ్బులు మళ్ళీ తియ్యి!"

లాంటీకి నిండా పళ్ళెం పెట్టాను. హెప్జీ గ్లాసు నింపి దాని పక్కన పెట్టింది. ఐజాక్ డబ్బులు కౌంటర్ మీద పెట్టాడు. ఆ కుర్రాడు మొదట ఒక గుక్క తాగి, తర్వాత తలెత్తకుండా తిన్నాడు. తండ్రి ఎదురుగా కూర్చుని వాడు తినడాన్నే చూస్తున్నాడు. గదిలో సగంమంది అటువైపు చూడకుండా ఉండటానికి టీలో చక్కెర కలుపుకున్నారు, చాలాసేపు కలుపుకున్నారు.

అప్పుడు మూల బల్ల దగ్గర ఎవరికో బుర్రలో వెలిగింది. "అయితే హెప్జీ, నేను వీడికి భోజనం కొనిస్తే?"

ఇంక ఆగలేదు. వీడు వాడికి భోజనం, వాడు ఇంకొకడికి భోజనం. ఒకరికొకరు కొనిచ్చుకోక వారాల తరబడి ముడుచుకుపోయిన చేతులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. నలభైమంది తలో పళ్ళెం అంటే కుండ ఎంతసేపు? అడుగు కనబడేసరికి పళ్ళేలు మానేసి సాసర్లలోకి దిగాను. అందరూ కూర్చునే ఉన్నారు, ఎవడూ రెండు మూడు గ్లాసులు దాటలేదు. కొనివ్వాలని ఉంటే తినాలి, రెండు రోజుల తాగుడు తర్వాత ఎంతని తింటారు?

కాల్డికాట్ చెయ్యెత్తాడు. "మిసెస్ మస్‌గ్రేవ్! పళ్ళెం అయితే సరే. సాసర్లో రెండు చెంచాలు పెట్టి దాన్ని భోజనం అంటే నేనొప్పుకోను."

హెప్జీ నడుము మీద చేతులేసుకుంది.

"మూడు రోజుల్నించీ మీ రాత్రి భోజనం ఏంటండీ?"

ఆయన తన ముందున్న సాసర్‌కేసి చూశాడు. రెండు చెంచాల్లో ఇంకా ఒకటి మిగిలే ఉంది. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను. చివరికి ఆయన ఆ మిగిలిన చెంచా తిని, మూతి తుడుచుకుని, పుస్తకంలో రాస్తూ పైకే అన్నాడు. "భోజనాలు, తొంభై ఒకటి."

తొంభై రెండని నాకు తెలుసు. ఒకటి నేను నిలబడి తిన్నాను.

పన్నెండు రోజుల తర్వాత ఆయనే స్వయంగా వచ్చాడు. పొద్దున్న పది గంటలు, నేలకి రంపపు పొట్టు చల్లుతున్నాం. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఊళ్ళో ఇంకే పబ్బులోనూ ఒక్క సాయంత్రం అన్ని భోజనాలు పోలేదట. ఇల్లు ఉంటుంది. మేనేజర్ మిసెస్ మస్‌గ్రేవే. వంట మాత్రం ఆగకూడదు అని చెప్పి నా వైపు కూడా ఒకసారి తలూపాడు.

"సంతోషమండీ" అంది హెప్జీ, వానొస్తుందంటే అన్నట్టుగా. ఆయన్ని గుమ్మందాకా సాగనంపి, తలుపేసి, తిన్నగా మేడెక్కింది.

పదిహేను నిమిషాలు చూశాను. పైన దబదబమని చప్పుళ్ళు. ఏడుస్తూ పడిపోయిందేమో అని భయమేసి పరుగున ఎక్కాను. అంతకుముందు ఆవిడ గదిలోకి నేనెప్పుడూ వెళ్ళలేదు.

గది గోడలు బోసిగా ఉన్నాయి. కిటికీలకి తెరలు లేవు, మంచం మీద ఒక దుప్పటి, ఒక దిండు, అంతే. నేల నిండా తాళ్ళు. మధ్యలో మూడు పెట్టెలు, మూత తీసి ఉన్నాయి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని వాటిలోంచి మొగుడి ఫోటో, తల్లి గడియారం, రవికలు, పింగాణీ కుక్కపిల్లలు, అన్నీ ఒక్కొక్కటే తీసి బయట పెడుతోంది. కాల్డికాట్ మొదటిసారి వచ్చి వెళ్ళిన రోజే సర్దేసిందట. కింద మాతో పీపాలు మొయ్యక్కర్లేదని జోకులేసి, పైకొచ్చి ఆ బోసిగదిలో ఏడు వారాలు పడుకుంది. అన్ని వారాలూ అవే రెండు రవికలు మార్చి మార్చి తొడుక్కుందని నాకు అప్పుడు తట్టింది. రోజూ పక్కనే ఉన్నదాన్ని, నేను చూడలేదు. సిగ్గుతో నా తల తీసేసినట్టయింది.

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చూస్తావే గుడ్లప్పగించి? ఆ తెర కొస పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి తెరలు కట్టాం, గోడకి ఫోటో కొట్టాం. గడియారం ఎక్కడుండేదో ఆవిడే చూపించింది, అక్కడ గోడ మీద ఆ మేరకి రంగు వెలిసిపోకుండా ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి కిందికి దిగి తలుపులు తీశాం.